కారు చక్రం ఎంత బయటికి రావచ్చు?



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి పరిటాల నుంచి వచ్చింది. ఏడో తరగతి చదువుకునే అమ్మాయి రాసింది. ముందు ఆ ఉత్తరం చదవండి.

"మామయ్యగారికి నమస్కారములు. మా అన్నయ్య పాత కారు ఒకటి కొన్నాడు. దాని చక్రాలు లోపలికి నక్కినట్టున్నాయనీ, బయటికి వస్తే కారు ఠీవిగా ఉంటుందనీ అంటున్నాడు. అందుకు చక్రానికీ కారుకూ మధ్య 25 మిల్లీమీటర్ల స్పేసర్లు వేయిస్తాడట. నాన్న మాత్రం, 'చక్రం ఊడి దారి పక్క పడుతుంది, వద్దు' అంటున్నాడు. రోజూ ఇద్దరికీ వాదన. మెకానిక్కును అడిగితే, 'దీని ఆఫ్‌సెట్ 45, చూసి వేసుకోవాలి' అన్నాడు. ఆఫ్‌సెట్ అంటే ఏమిటి? అన్నయ్య మాట నిజమా, నాన్న మాట నిజమా? మేమందరమూ ఆ కారులోనే విజయవాడ వెళ్ళాలి గనుక అడుగుతున్నాను."

చివరి వాక్యం నాకు చాలా నచ్చింది. పరిటాల 65వ నంబరు జాతీయ రహదారి మీది ఊరు. 2003లో వెలిసిన 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహాన్ని చూడటానికి ఆగే కార్లూ, కంకర వేసుకుని పరుగెత్తే టిప్పర్లూ, హైదరాబాదు బస్సులూ అన్నీ ఆ రోడ్డు మీదనే పోవాలి. అటువంటి రోడ్డు మీద చక్రం ఊడటమంటే నవ్వులాట కాదు. కాబట్టి అన్నయ్య పక్షమూ నాన్న పక్షమూ కాసేపు పక్కన పెట్టి, అసలు సంగతి తెలుసుకుందాం.

ముందు ఎద్దుబండి చక్రం చూడండి. నడుమ లావుపాటి కొయ్య ముక్క ఉంటుంది. అందులో నుంచి ఇరుసు దూరుతుంది. ఆ ముక్క నుంచి ఆకులు బయలుదేరి చుట్టూ ఉన్న వలయాన్ని పట్టుకుంటాయి. వలయం వెడల్పు రెండు మూడు అంగుళాలే గాని, నడిమి ముక్క పొడవు అంతకు ఎన్నో రెట్లు. ఎందుకని? అది పొట్టిగా ఉంటే చక్రం ఇరుసు మీద అటూ ఇటూ ఊగుతుంది. పొడుగ్గా ఉంటే ఇరుసును రెండు చోట్ల పట్టుకున్నట్టు అవుతుంది. ఆకులు సుమారుగా ఆ ముక్క నడిమి నుంచే లేస్తాయి. బండి బరువు ఆ నడిమి భాగం మీదనే పడుతుంది. మన వడ్రంగులు ఈ సూత్రాన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు, చేతితో తెలుసుకున్నారు.

కారు చక్రంలో ఆ కొయ్య ముక్క పని చేసేది హబ్బు. దానిలోపల బేరింగు ఉంటుంది. సాధారణంగా అందులో గుండ్లు రెండు వరుసలుగా ఉంటాయి. ఇరుసును రెండు చోట్ల పట్టుకోవటం ఇక్కడ కూడా ఉన్నదన్నమాట. కాని కారు చక్రం ఇరుసులో దూరి తిరగదు. హబ్బుకు పళ్ళెం వంటి చదునైన ముఖం ఉంటుంది, దాని నుంచి నాలుగో అయిదో బోల్టులు పొడుచుకుని వస్తాయి. చక్రాన్ని వాటికి తగిలించి నట్లు బిగిస్తారు.

ఇప్పుడు రెండు మూతులూ తెరిచి ఉన్న ఒక గుండ్రని డబ్బాను ఊహించుకోండి. అదే రిమ్ము. దాని లోపల అడ్డంగా ఒక రేకు గోడ ఉన్నదనుకోండి. ఆ గోడే హబ్బుకు ఆనే ముఖం. డబ్బాకు సరిగ్గా నడిమధ్య ఒక గీత గీద్దాం. గోడ ఆ గీత మీదనే ఉంటే ఆఫ్‌సెట్ సున్న. గోడ బయటి మూతి వైపు, అంటే వీధి వైపు జరిగి ఉంటే, అది ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో అంత ధన ఆఫ్‌సెట్. కారు వైపు జరిగి ఉంటే ఋణ ఆఫ్‌సెట్.

ఇక్కడ చాలామంది పెద్దవాళ్ళు కూడా తికమక పడతారు. గోడ బయటికి జరిగితే చక్రం బయటికి రావాలి గదా అనుకుంటారు. అలా కాదు. హబ్బు కారుకు అతికి ఉన్నది, అది కదలదు. గోడ వచ్చి హబ్బుకు ఆనుతుంది. గోడ బయటి మూతికి దగ్గరగా ఉంటే డబ్బాలో ఎక్కువ భాగం గోడకు ఇవతల, కారు వైపు ఉంటుంది. కాబట్టి ధన ఆఫ్‌సెట్ పెరిగినకొద్దీ చక్రం లోపలికి పోతుంది, తగ్గినకొద్దీ బయటికి వస్తుంది. ఒక కాగితం మీద బొమ్మ గీసుకుని చూడండి, తేలిపోతుంది.

మెకానిక్కు చెప్పిన 45 అంటే, గోడ నడిమి గీతకు 45 మిల్లీమీటర్లు బయటగా ఉన్నదని అర్థం. చాలా రిమ్ముల మీద ఈ అంకె పోతపోసి ఉంటుంది. దాని ముందు 'ఈ', 'టి' అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. అవి ఇంగ్లీషు మాటకు గుర్తులు కావు. 'ఐన్‌ప్రెస్‌టీఫె' అనే జర్మను మాటకు గుర్తులు. లోపలికి నొక్కిన లోతు అని దాని అర్థం. ఊళ్ళో ఎంతో మంది ఆ అక్షరాలు చూస్తుంటారు గాని, అవి జర్మనీ నుంచి వచ్చాయని ఎరిగినవారు తక్కువ.

అంకె చెరిగిపోతే మీరే కొలవవచ్చు. పంక్చరు షాపులో టైరు విప్పిన ఖాళీ రిమ్ము ఉంటుంది. షాపు ఆయనను అడిగి, దాని వీధి వైపు ముఖం నేలకు ఆనేట్టు బోర్లించండి. పై అంచుల మీద అడ్డంగా ఒక తిన్నని కర్ర పెట్టండి. కర్ర అడుగు నుంచి, లోపల హబ్బుకు ఆనే ముఖం దాకా ఎంత లోతున్నదో స్కేలుతో కొలవండి. 127 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. తరువాత రిమ్ము మొత్తం వెడల్పు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, కొలవండి. 164 వచ్చిందనుకోండి. అందులో సగం 82. 127 లో నుంచి 82 తీసివేస్తే 45. అదే ఆఫ్‌సెట్. లోతు సగం కంటె తక్కువ వస్తే అది ఋణ ఆఫ్‌సెట్ అన్నమాట.

సరే, కారు తయారుచేసినవాళ్ళు చక్రాన్ని ఇలా లోపలికి ఎందుకు పెట్టారు? అందం తెలియకనా? కాదు. దానికి కారణాలున్నాయి. ముందు చక్రాలతో నడిచే నేటి చిన్న కార్లలో బ్రేకు, స్టీరింగు కీలు, ఇంజను నుంచి వచ్చే కడ్డీ చివర, ఇవన్నీ చక్రం కడుపులోకి వచ్చి కూర్చుంటాయి. వాటికి చోటివ్వటానికి గోడ బయటికి జరగవలసి వచ్చింది. ఇది ఒక కారణం. అసలైన కారణాలు ఇంకా రెండున్నాయి.

మొదటిదానికి ఒక చిన్న ప్రయోగం చేయండి. సగం నీళ్ళున్న బక్కెటను చేయి కిందికి వేలాడేసి పట్టుకోండి. ఎంతసేపయినా పట్టుకోగలరు. ఇప్పుడు అదే బక్కెటను చేయి పక్కకు కొద్దిగా చాపి పట్టుకోండి. నీళ్ళు పెరగలేదు, బక్కెట మారలేదు, అయినా భుజం నొప్పి పెడుతుంది. ఇంకా చాపితే ఇంకా నొప్పి. బరువు ఎంత అన్నదొక్కటే కాదు, ఎంత దూరంలో ఉన్నదన్నది కూడా లెక్కే.

కారులో భుజం స్థానంలో ఉన్నది బేరింగు. కంపెనీవాళ్ళు చక్రం నడిమి గీతను సుమారుగా బేరింగులోని రెండు వరుసల గుండ్ల మధ్యకు వచ్చేట్టు చూసుకుంటారు. మనుషులతో కలిపి కారు 1200 కిలోలు అనుకుంటే ఒక్కొక్క చక్రం మీద సుమారు 300 కిలోలు. ఆ చక్రాన్ని 25 మిల్లీమీటర్లు బయటికి జరిపితే, బేరింగు మీద కొత్తగా ఎంత మెలి పడుతుంది? 300 ను 0.025 మీటరుతో హెచ్చవేయండి. ఏడున్నర వస్తుంది. మీటరు పొడవు కర్రను ఒక చివర పట్టుకుని రెండో చివర ఏడున్నర కిలోల బియ్యం మూట వేలాడదీస్తే మీ మణికట్టు మీద ఎంత మెలి పడుతుందో అంత.

దీన్ని పెంచి చెప్పటం కూడా న్యాయం కాదు. కారు వేగంగా మలుపు తిరిగేటప్పుడు బేరింగు మీద ఇంతకు కొన్ని రెట్ల మెలి పడుతుంది. దానికి బేరింగు తట్టుకుంటుంది. కాని మలుపు మెలి కాసేపే. స్పేసరు మెలి మాత్రం చక్రం తిరిగే ప్రతి చుట్టులోనూ ఉంటుంది, గోతిలో పడినప్పుడు ఇంకా హెచ్చుతుంది. కాబట్టి 25 మిల్లీమీటర్లకు బేరింగు ఆ రోజే విరగదు. పదేళ్ళు రావలసింది ముందుగా అరిగి 'గుర్రు'మంటుంది.

రెండో కారణం ఇంకా చిత్రమైనది. మీ ఇంటి తలుపును కీళ్ళ దగ్గర చేయి పెట్టి తోయండి, తొందరగా కదలదు. గడియ దగ్గర వేలితో తోయండి, సులువుగా తెరుచుకుంటుంది. కారు ముందు చక్రం కూడా తలుపు వంటిదే. స్టీరింగు తిప్పితే అది కంటికి కనబడని ఒక నిలువు గీత చుట్టూ తిరుగుతుంది. ఆ గీత కాస్త ఏటవాలుగా ఉంటుంది. దానిని నేల దాకా పొడిగిస్తే ఒక చోట నేలను తాకుతుంది. టైరు నేలకు ఆనే చోటి నడిమి భాగం ఆ బిందువుకు దగ్గరగా ఉన్నదనుకోండి. అప్పుడు రాయి తగిలినా, గోయి తగిలినా, కీళ్ళ దగ్గర తలుపు తోసినట్టే, చక్రం పెద్దగా తిరగదు. టైరు ఆ బిందువుకు దూరంగా బయటికి పోతే, గడియ దగ్గర తోసినట్టు అవుతుంది. ప్రతి గోయీ స్టీరింగును చేతిలో నుంచి లాగుతుంది.

కొన్ని కార్లలో టైరు నడిమి భాగం ఆ బిందువుకు కొంచెం లోపలి వైపే ఉండేట్టు కావాలని పెడతారు. 1972లో వచ్చిన ఆడీ 80 అనే జర్మను కారు ఇందుకు పేరుబడింది. అందులో బ్రేకు గొట్టాలు మూలమూలగా రెండు జతలు. ఒక జత పాడైతే ముందు చక్రాలలో ఒకటే ఆగుతుంది, కారు ఆ వైపుకు గిరుక్కున తిరగాలి. కాని టైరు బిందువుకు లోపల ఉండటంవల్ల, ఆగే చక్రం తనంతట తాను ఎదుటి వైపుకు కొంచెం తిరిగి కారును తిన్నగా నిలబెడుతుంది! ఇటువంటి ఏర్పాటు నేడు చాలా కార్లలో ఉన్నది. టైరు 10 మిల్లీమీటర్లు లోపల ఉన్న కారుకు 25 మిల్లీమీటర్ల స్పేసరు వేస్తే ఏమవుతుంది? టైరు 15 మిల్లీమీటర్లు బయటికి పోతుంది. నిలబెట్టవలసిన ఏర్పాటు కాస్తా లాగే ఏర్పాటు అవుతుంది. అన్నయ్యకు ఈ సంగతి తప్పక చెప్పు.

అయితే చక్రాన్ని బయటికి జరపటమే తప్పా? ఆ మాట అనేముందు మీ చుట్టుపక్కల చేలలోకి చూడండి. నందిగామ, కంచికచర్ల, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతంలో పత్తీ మిరపా వేస్తారు. ట్రాక్టరు సాళ్ళ మధ్య నుంచి పోవాలి గాని మొక్కల మీద నుంచి పోరాదు. పత్తి సాళ్ళు మూడేసి అడుగుల ఎడంలో ఉన్నాయనుకోండి. ట్రాక్టరు చక్రాల మధ్య ఎడం ఆరడుగులు ఉంటే, రెండు సాళ్ళు ట్రాక్టరు పొట్ట కింద ఉండి, చక్రాలు రెండూ ఖాళీ చోట పోతాయి. నాలుగున్నర అడుగులే ఉంటే చక్రాలు మొక్కల మీదికి వస్తాయి.

ఇందుకోసం చాలా ట్రాక్టర్ల వెనక చక్రంలో రిమ్ము వేరు, నడిమి పళ్ళెం వేరు. పళ్ళెం చదునుగా ఉండదు, కంచంలాగా లోతుగా ఉంటుంది. దాన్ని ఇటు తిప్పి బిగిస్తే చక్రం లోపలికి, అటు తిప్పి బిగిస్తే బయటికి. రిమ్మును పట్టుకునే చెవులను కూడా మార్చి బిగిస్తే ఎన్నో ఎడాలు వస్తాయి. 1940లలో వచ్చిన ఫెర్గూసన్ ట్రాక్టరులోనే నాలుగేసి అంగుళాల మెట్లలో ఎడం మార్చే వీలుండేది. ఇదంతా ఆఫ్‌సెట్ మార్చటం కాక మరేమిటి? మన రైతులు ఆ మాట అనకుండానే ఆ పని చేస్తున్నారు.

మరి ట్రాక్టరుకు చెల్లింది కారుకు ఎందుకు చెల్లదు? ట్రాక్టరు వెనక ఇరుసునూ బేరింగులనూ ఆ దూరపు ఎడం లెక్కలోకి తీసుకునే చేశారు. వెనక చక్రాలకు స్టీరింగుతో పని లేదు. వేగం తక్కువ. అన్నిటికంటె ముఖ్యం, మధ్యలో కొత్త వస్తువు ఏదీ దూరలేదు. ఉన్న పళ్ళాన్నే తిప్పి బిగించారు. కారులో స్పేసరు కొత్తగా దూరే వస్తువు. ఇక దాని సంగతి చూద్దాం.

స్పేసరు అంటే బోల్టులకు రంధ్రాలున్న గుండ్రని లోహపు బిళ్ళ. హబ్బుకూ చక్రానికీ మధ్య పెడతారు. లెక్క సులువు. 45 ఆఫ్‌సెట్ చక్రానికి 25 మిల్లీమీటర్ల స్పేసరు వేస్తే 45 లో 25 పోయి 20 మిగులుతుంది. ఒక్కొక్క వైపు చక్రం 25 బయటికి వస్తుంది గనుక రెండు చక్రాల మధ్య ఎడం 50 పెరుగుతుంది.

ఇవి రెండు రకాలు. పలచని బిళ్ళలు మూడు, అయిదు మిల్లీమీటర్ల మందం. వీటిని ఊరికే బోల్టుల మీదికి దూర్చి, పైన చక్రం పెట్టి, పాత నట్లే బిగిస్తారు. వెడల్పు టైరు వేసినప్పుడు లోపల స్ప్రింగు కడ్డీకి రాసుకుంటుంటే, ఆ కాస్త ఎడం కోసం వాడటం వీటికి తగిన పని. రెండో రకం మందపువి, ఇరవై మిల్లీమీటర్లు, ఆ పైన. వీటికి సొంత బోల్టులుంటాయి. ముందు స్పేసరును హబ్బుకు బిగిస్తారు, తరువాత చక్రాన్ని స్పేసరు బోల్టులకు బిగిస్తారు. అన్నయ్య అడుగుతున్నది ఈ రెండో రకం. నన్నడిగితే ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఈ రెంటికీ నడుమ, పది పన్నెండు మిల్లీమీటర్ల బిళ్ళల దగ్గర. అవి సొంత బోల్టులు పెట్టటానికి చాలనంత పలచన, పాత బోల్టులకు అందనంత మందం.

ఎందుకంటే నట్టు మర మీద ఎంత దిగిందన్నది ప్రాణం వంటిది. బోల్టు ఎంత లావుంటే నట్టు కనీసం అంత లోతు మరలో దిగాలని ఇంజనీర్ల లెక్క. మారుతి స్విఫ్టు కారునే చూడండి. దాని బోల్టు లావు 12 మిల్లీమీటర్లు. నట్టు ఒక చుట్టు తిరిగితే ఒకటింబావు మిల్లీమీటరు దిగుతుంది. 12 ను 1.25 తో భాగిస్తే 9.6. అంటే నట్టు చేతితో పట్టించిన దగ్గర నుంచి గట్టిగా ఆనే దాకా పది చుట్లు తిరగాలి. అయిదు మిల్లీమీటర్ల బిళ్ళ పెడితే నాలుగు చుట్లు పోతాయి. పది మిల్లీమీటర్లు పెడితే ఎనిమిది చుట్లు పోతాయి! ఇక నట్టుకు దక్కేది ఎంత? పెద్దవాళ్ళు చక్రం బిగించేటప్పుడు నువ్వు పక్కన నిలబడి చుట్లు లెక్కపెట్టవచ్చు. తక్కువ వస్తే పొడుగు బోల్టులు వేయించాలి, లేదా బిళ్ళ తీసివేయాలి. మూడో దారి లేదు. జాకీ మీద ఉన్న కారు కిందికి మాత్రం తల పెట్టవద్దు.

చక్రాన్ని బోల్టులు మోస్తున్నాయని చాలామంది అనుకుంటారు. పది పుస్తకాలను వరసగా నిలబెట్టి, రెండు చివరలా రెండు అరచేతులతో గట్టిగా నొక్కి పైకి ఎత్తండి. నడిమి పుస్తకాల కింద ఏ ఆధారమూ లేదు, అయినా పడవు. నొక్కుడువల్ల పుట్టిన రాపిడే వాటిని మోస్తున్నది. చక్రమూ అంతే. నట్లు చక్రాన్ని హబ్బుకేసి నొక్కుతాయి, రాపిడి చక్రాన్ని నిలబెడుతుంది. అరచేతులు కాస్త సడలిస్తే పుస్తకాలు జారినట్టే, నట్టు సడలితే చక్రం హబ్బు మీద కొద్దికొద్దిగా జరుగుతుంది. అప్పుడు బోల్టులు అటూ ఇటూ వంగి వంగి, ఒకనాడు తెగుతాయి. నాన్న భయపడుతున్నది ఇదే. ఆయన భయంలో పస ఉన్నది. స్పేసరు పెట్టటంతో పుస్తకాల వరసలో ఇంకొక పుస్తకం చేర్చినట్టయింది, జారటానికి ఒక చోటు పెరిగింది. మందపు స్పేసరులో అయితే బిగించవలసిన నట్లే రెట్టింపు.

అందువల్ల బిళ్ళకు రెండు వైపులా తుప్పు, రంగు, దుమ్ము లేకుండా గీకి తుడవాలి. వాటి మీద బిగించిన నట్టు అవి నలిగిన తరువాత సడలుతుంది. కంపెనీ పుస్తకంలో ఎంత బిగువు రాశారో అంతే, కొలిచి బిగించే పానాతో బిగించాలి. 50 కిలోమీటర్లు నడిచాక, అంటే నువ్వు విజయవాడ వెళ్ళి వచ్చినంత దూరం అన్నమాట, నట్లు మళ్ళీ చూడాలి. మందపు రకంలో లోపలి నట్లు చక్రం విప్పితే గాని కనబడవు. చాలామంది ఎగవేసేది ఈ పనినే.

హబ్బు నడుమ గుండ్రంగా ఒక అంచు పొడుచుకుని ఉంటుంది. స్విఫ్టులో దాని అడ్డకొలత 54.1 మిల్లీమీటర్లు. చక్రం నడిమి రంధ్రం దాని మీద సరిగా కూర్చుంటేనే చక్రం కేంద్రంలో ఉంటుంది. స్పేసరు ఆ అంచును కప్పేస్తుంది. కాబట్టి మంచి స్పేసరుకు లోపల 54.1 రంధ్రమూ, బయటి వైపు అంతే కొలత గల సొంత అంచూ ఉండాలి. లేకపోతే చక్రం వెంట్రుకవాసి పక్కకు కూర్చుని, కారు వేగం అందుకోగానే స్టీరింగు వణుకుతుంది. పరిటాల ఒకప్పుడు వజ్రాలకు పేరుబడ్డ ఊరు గదా! మంచి రాయేదో చెడ్డ రాయేదో చూసినంత జాగ్రత్తగానే స్పేసరును కూడా చూసి కొనాలి. కొలతలు రాసి లేని చౌక బిళ్ళను ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు. మందపు స్పేసరు పెట్టినప్పుడు కారు సొంత బోల్టులు దాని ముఖం దాటి బయటికి పొడుచుకుని రాకూడదు, వస్తే చక్రం దానికి ఆనదు. కొన్ని చోట్ల ఆ బోల్టులను కోసి సరిపెడతారు. అలా కోసిన కారులో నేనయితే ఎక్కను.

ఇక 25 మిల్లీమీటర్లు పట్టేనా అన్న సంగతి. ఇది నువ్వే తేల్చవచ్చు. దారానికి చిన్న బరువు కట్టి, చక్రం నడినెత్తిన మడ్గార్డు అంచు నుంచి వేలాడదీయి. దారానికీ టైరుకూ మధ్య ఖాళీ కొలువు. 12 మిల్లీమీటర్లు ఉన్నదనుకో. 25 స్పేసరు వేస్తే టైరు 13 మిల్లీమీటర్లు మడ్గార్డు బయటికి వస్తుంది. వానాకాలంలో బురద అంతా తలుపుల మీద పడుతుంది. టిప్పర్ల నుంచి రాలిన కంకరను టైరు వెనక వచ్చే మోటారు సైకిలు మీదికి విసురుతుంది. కొలిచేటప్పుడు కారులో అయిదుగురిని కూర్చోబెట్టాలి. బరువుకు కారు కిందికి దిగుతుంది, టైరు మడ్గార్డులోకి లేస్తుంది. ఖాళీ కారులో తగలనిది నిండు కారులో తగులుతుంది. స్టీరింగు రెండు వైపులకూ పూర్తిగా తిప్పి చూడాలి.

అన్నయ్య స్పేసరు వద్దనుకుని వెడల్పు రిమ్ములు కొంటానంటే ఈ లెక్క చేసి చూపించు. పాతది 5½ అంగుళాలు, ఆఫ్‌సెట్ 45. కొత్తది 7 అంగుళాలు, ఆఫ్‌సెట్ 35 అనుకో. వెడల్పు ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు పెరిగింది. అందులో సగం, 19, ఒక్కొక్క వైపు పంచుకుంటుంది. ఆఫ్‌సెట్ 10 తగ్గింది గనుక మొత్తం చక్రం 10 బయటికి జరిగింది. బయటి అంచు 19కి 10 కలిపి 29 బయటికి వస్తుంది. లోపలి అంచు 19 లో 10 పోగా 9 లోపలికి పోతుంది. ఆ తొమ్మిదికి లోపల చోటున్నదా అన్నది కూడా చూడాలి. ఆఫ్‌సెట్ ఒక్కటే చూసి, వెడల్పు మరిచి కొన్నవాళ్ళే ఎక్కువగా డబ్బు పోగొట్టుకుంటారు.

నా అభిప్రాయం అడిగావు గనుక చెబుతున్నాను. ఆ కారుకు 25 ఎక్కువ. మంచి కంపెనీ స్పేసరు, సరైన బిగువు, సరైన అంచు ఉంటే చక్రం ఊడిపోదు. అక్కడ అన్నయ్య మాట నిజం. పోర్షే కంపెనీవాళ్ళు కొన్ని కార్లకు తామే స్పేసర్లు వేశారు. కాని వాటికి తగిన బోల్టులూ వాళ్ళే ఇచ్చారు. జర్మనీలో స్పేసరు వేస్తే తనిఖీ సంస్థ చూసి ఒప్పుకున్నాక గాని రోడ్డెక్కనివ్వరు. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ నిర్ణయించి రిజిస్ట్రేషను కాగితంలో చేరిన వివరాలకు భిన్నంగా యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. కాబట్టి రవాణా కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ ముందుగా అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోవటం మంచిది. బేరింగూ స్టీరింగూ విషయంలో మాత్రం నాన్న పక్షమే నాది. అన్నయ్యకు అంతగా మనసైతే, దారం కొలతకు లోబడి, ఆఫ్‌సెట్ అయిదారు మిల్లీమీటర్లు మాత్రమే తగ్గే రిమ్ములు వెతుక్కోమను. మధ్యలో బిళ్ళ ఉండదు, బేరింగుకు పెద్ద భారమూ ఉండదు.

ఉత్తరంలో అడగని సంగతి ఒకటున్నది, స్టెప్నీ. వేల్సు దేశంలోని లానెల్లి అనే ఊళ్ళో స్టెప్నీ వీధి ఉన్నది. 1900ల తొలి సంవత్సరాలలో అక్కడ తయారైన అదనపు చక్రానికి ఆ వీధి పేరే పెట్టారు. ఆ పేరు మన పంక్చరు షాపులలో నేటికీ వినిపిస్తుంది. స్పేసరు కోసం పొడుగు బోల్టులు వేయించాక, దారిలో టైరు పంక్చరైందనుకో. డిక్కీలోని ఇనుప స్టెప్నీని బిళ్ళ లేకుండా బిగిస్తే, మూత ఉన్న నట్టు పొడుగు బోల్టు కొనకు తగిలి అక్కడే ఆగిపోవచ్చు. పానాకు గట్టిగానే తగులుతుంది, కాని చక్రం మాత్రం వదులుగా ఉంటుంది. అందుచేత ఏ మార్పు చేయించినా, షాపులో ఉండగానే స్టెప్నీని కూడా ఒకసారి ఎక్కించి, నట్లు బిగించాక చక్రాన్ని చేతితో ఊపి చూడమని అన్నయ్యతో చెప్పు. అల్యూమినియం రిమ్ముకు వేరే నట్లు కొని ఉంటే, ఇనుప రిమ్ము నట్లను ఒక గుడ్డలో మూటకట్టి డిక్కీలోనే ఉంచాలి.